మగ్గం గుంటలో కొబ్బరి పొట్టు

హలో... హలో, వినపడుతోందా? అందరికీ నమస్తే. అన్నాలు తిన్నారా? చేతిలో పని ఉంటే జర పక్కన పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని వినండి. పది నిమిషాలే. మన వరంగల్ మట్టెవాడలో ఇద్దరు దోస్తుల కథ ఇది. ఒకాయన పాములు పట్టేవాడు, ఇంకొకాయన మగ్గం నేసేవాడు. పాములంటే భయపడేవాళ్లు కూడా వినొచ్చు. ఇందులో తప్పు పాముది కాదు.

పాములు పట్టే ఆయన పేరు ఏలియా. యాభై ఆరేళ్లు. ఒక కాలేజీలో జంతువుల ల్యాబు అటెండరుగా చాలా ఏళ్లు పనిచేశాడు. చదివింది ఏడో తరగతే అయినా, సీసాల్లో పాములు చూసీ చూసీ బతికున్నవాటిని పట్టడం నేర్చుకున్నాడు. ఎవరింట్లో పాము దూరినా ఫోన్ ఆయనకే. పట్టుకుంటాడు, అటవీ శాఖ సుదర్శన్ సారుకు చెప్పి ఏటూరునాగారం అడవిలో వదిలిపెట్టి వస్తాడు. ఎక్కడైనా తవ్వకాల్లో గుడ్లు దొరికితే సారు అనుమతితోనే ఇంటికి తెచ్చి పొదిగిస్తాడు. పొదిగించడమంటే పెద్ద మిషన్లేమీ లేవు. ఒక థర్మాకోల్ పెట్టె, అందులో తడిపి పిండిన కొబ్బరి పొట్టు, ఒక మూత. గుడ్డు ఏ పక్క పైకి ఉంటే ఆ పక్కే పైకి ఉండాలి, తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అంతే విద్య.

మొన్న ఏప్రిల్ చివర్లో పరకాల దగ్గర ఒక పత్తి గోదాము పక్కన గోడ కోసం తవ్వుతుంటే నాగుపాము గుడ్లు బయటపడ్డాయి. తల్లి పార దెబ్బకు అప్పటికే పోయింది. గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని, కిందంతా మట్టి పట్టుకుని ఒక ముద్దలా ఉన్నాయి. ఏలియా పైనుంచి లెక్కపెట్టాడు. పద్నాలుగు. ముద్దను విడగొడితే గుడ్లు తిరుగుతాయని భయపడి, మట్టితో సహా అట్లాగే ఎత్తి పెట్టెలో పెట్టాడు.

జూన్ మధ్యలో పిల్లలు బయటికొచ్చాయి. మూడు రోజుల్లో పద్నాలుగుకు పద్నాలుగు. జానెడు పొడవు ఉన్నాయో లేదో, అప్పుడే పడగ విప్పి బుస్సుమంటున్నాయి. ఏలియా భార్య సువార్తమ్మ దూరం నుంచే చూసి దేవునికి స్తోత్రం చెప్పింది. పిల్లలన్నిటినీ అడవిలో వదిలారు. వచ్చేటప్పుడు జీపులో సుదర్శన్ సారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

"ఏలియా, వాడిన పొట్టు మళ్లీ వాడకు. బూజు పడతది. పొట్టంత జల్లెడ పట్టి చూసి, కాలబెట్టెయ్యి."

"సరే సార్" అన్నాడు ఏలియా.

కానీ కాల్చడానికి చేతులు రాలేదు. పైసల కోసం కాదు. ఒక్క గుడ్డు కూడా చెడకుండా పొదిగిన పొట్టు అది. అంతకు ముందు సంవత్సరం ఆరు గుడ్లు పెడితే నాలుగు కుళ్లిపోయాయి. ఈ పొట్టు కలిసొచ్చిందని ఆయన గట్టిగా నమ్మాడు. పైగా హనుమకొండలో ఒక పాత ఇల్లు కూల్చినచోట పదకొండు జెర్రిపోతు గుడ్లు దొరికాయని అదే రోజు ఫోన్ వచ్చింది. కలిసొచ్చిన పొట్టు ఇంట్లో ఉండగా కొత్తది ఎందుకు? పద్నాలుగు గుడ్లు, పద్నాలుగు పిల్లలు, లెక్క సరిపోయింది. జల్లెడ ఎందుకు?

పొట్టును పెరట్లో గోనె సంచి మీద బోర్లించి పారతో కలుపుతూ ఉండగా పక్కింటి కైలాసం గోడ మీది నుంచి తొంగిచూశాడు.

కైలాసానికి అరవై ఏళ్లు. జంపఖానాలు, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు తివాచీలు, నేస్తాడు. ఆయనది గుంట మగ్గం. మగ్గం ముందు నేలలో నడుము లోతు గుంట ఉంటుంది. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కల్ని తొక్కుతూ నేయాలి. ఎండలు ముదిరితే ఆ గుంట ఎండిపోతుంది, మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగులు చిటుక్కుమని తెగుతుంటాయి. అందుకని నేసేవాళ్లు గుంటలో నీళ్లు చల్లుకుంటారు, తడి ఇసుక పోసుకుంటారు. ఆ తేమకు పోగు మెత్తబడుతుంది. ఈసారి జూన్ సగం దాటినా వాన చుక్క లేదు.

"ఏలియా, ఆ పొట్టు ఏం చేస్తానవ్?"

"సగం మళ్ల వాడుత. ఎక్కువైంది కాలబెడ్త."

"కాలబెట్టుడు ఎందుకే! నాకియ్యి. పొద్దుగాల నీళ్లు జల్లితె పగటాళ్లకు గుంట ఆరిపోతాంది. పోగులు ఊకె తెగుతానయ్. ఆ పొట్టయితె రెండు రోజులు నీళ్లు పట్టుకుంటది."

"వదినెకు తెలిస్తె మనిద్దర్ని బయటికి ఎల్లగొడ్తది."

"ఆమెకు ఎవలు చెప్తరు? నర్సరీల తెచ్చిన అని చెప్పు."

"నాతోని అబద్ధం ఎందుకు ఆడిస్తవన్నా?"

"ఆదివారం చర్చికి పోతవ్ గదా, ఆడ ఒప్పుకో. అయిపాయె." కైలాసం పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

ఏలియా కూడా నవ్వాడు. పారతో పొట్టును రెండు పాళ్లు చేశాడు. మధ్యలో గట్టి మట్టి గడ్డ ఒకటి పారకు అడ్డం తగిలింది. కాలితో తొక్కి పారను నొక్కితే గడ్డ రెండుగా పగిలింది. చెరో సంచిలోకి చెరో ముక్క పోయింది.

ఏలియా ఒక సంచి భుజాన పెట్టుకుని కైలాసం ఇంటికి వెళ్తే వాకిట్లో కైలాసం భార్య అనసూర్య బియ్యం చెరుగుతోంది. ఏలియా ఇంట్లో పాములున్నప్పుడు ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఆమె.

"ఏంది తమ్మీ సంచి? మీ పురుగులది కాదు గదా?"

"కాదు వదినె. నర్సరీది. కొబ్బరి పొట్టు."

"సూడు మరి. ఆయనకు సుగరొచ్చి కాళ్లు మొద్దుబారినయ్. ఏం కుట్టినా ఎరుకుండది. పోయినేడు మేకు దిగితె, నేల మీద నెత్తురు సూసి నేనే చెప్పిన."

"నాకెరుకలేదా వదినె, ఫికర్ చేయకు" అన్నాడు ఏలియా.

ఆ పొట్టును ఆయనే గుంటలో పరిచి, ఆయనే రెండు బకెట్ల నీళ్లు పోశాడు. చల్లగా, మెత్తగా, చీకటిగా ఉంది గుంట. ఏలియాకు ఒక్క క్షణం తన థర్మాకోల్ పెట్టె గుర్తుకొచ్చింది. అంతలో కైలాసం టీ తెప్పించాడు, ఆ ఆలోచన పోయింది.

ఆరు రోజులు గడిచాయి. ఏడో రోజు పొద్దున పది దాటాక ఏలియా, హనుమకొండ నుంచి తెచ్చి అదే పొట్టులో పెట్టిన జెర్రిపోతు గుడ్ల పెట్టె మూత తీశాడు. ఒక రకం వాసన గుప్పుమంది. రెండు గుడ్ల మీద తెల్లటి నూగు, దాని చుట్టూ పచ్చగా బూజు. మూడో గుడ్డు కిందికి సొట్టపోయింది. సారు చెప్పింది ఇదే. ఏలియా మనసు చివుక్కుమంది.

బాగున్న గుడ్లనైనా కాపాడదామని మిగిలిన సంచి ముందుకు లాగాడు. చెయ్యి లోపలికి పెట్టబోతుంటే వంటింట్లోంచి సువార్తమ్మ అరిచింది.

"చెయ్యెందుకు పెడ్తానవ్, డబ్బా ఉన్నది గదా!"

ఏలియా గొణుక్కుంటూ ప్లాస్టిక్ డబ్బా తీసుకుని పొట్టు తోడాడు. రెండో డబ్బాలో మట్టి గడ్డ ముక్క వచ్చింది. దానికి ఒక గుడ్డు పెంకు అతుక్కుని ఉంది. పాము గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకులా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. పిల్ల లోపలి నుంచి బ్లేడుతో కోసినట్టు చీల్చుకుని వస్తుంది. ఈ పెంకుకు అట్లాంటి చీలిక ఉంది. లోపల ఇంకా తడి ఆరలేదు.

ఏలియా వెనక్కి జరిగాడు. సంచి మూతి దగ్గర పొట్టు కదిలింది. నల్లటి చిన్న తల పైకి లేచి పడగ విప్పింది.

చేతులు వాటి పని అవి చేశాయి. కొక్కెం, సీసా, మూత. పిల్ల సీసాలో పడ్డాక గానీ ఆయనకు ఊపిరాడలేదు. అప్పుడు ఆ పెంకును వెలుతురుకు పెట్టి చూశాడు. ముద్ద అడుగున, మట్టి కింద ఉండిపోయిన గుడ్డు. పైనుంచి కనపడలేదు. అడుగున చల్లదనానికి పొదగడం ఆలస్యమైంది, కానీ లోపలి పిల్ల అప్పటికే ఎదగడంతో గుడ్డు తిరగబడినా చావలేదు. పెంకు ఒక పక్కన, రూపాయి బిళ్లంత మేర పొర లేచిపోయి గరుకుగా ఉంది. గుడ్డుకు గుడ్డు అతుక్కున్నచోట లాగితే పడే మచ్చ అది.

అంటే దీనికి జంటగా ఇంకొకటి ఉంది.

గడ్డ రెండో ముక్క ఎక్కడికి పోయిందో ఆయనకు తెలుసు. అవతలి ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినపడుతోంది. టకటక, టకటక. ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది.

ఏలియా చెప్పులు లేకుండానే పరుగెత్తాడు.

కైలాసం గుంట అంచున కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల కింద కాళ్లు చీకట్లో కనపడటం లేదు. ఎర్రగీతల జంపఖానా సగానికి పైగా నేసి ఉంది. గుంటలోకి పరుగున దూకితే కాళ్ల మధ్య అలజడి అవుతుంది. అరిస్తే కైలాసం కాళ్లు ఝాడిస్తాడు. పక్కనే అనసూర్య నూలు కండెలు చుడుతోంది.

"అన్నా, జర పైకి రా. చాయ్ తాగొద్దాం" అన్నాడు ఏలియా.

"గిప్పుడు చాయేంది? ఇంక రెండు మూరలున్నది."

"రావే అన్నా. కాళ్లు మెల్లగ తియ్యి. మెల్లగ."

"ఏమాయె నీకు, కొత్త పిల్లను పిలిచినట్టు పిలుస్తానవ్?" అని కైలాసం నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. "ఓ ఏలియా, పొద్దట్నుంచి నాకొక తమాష అవుపడుతాంది. పోగులన్ని రెండు రెండు అవుపడుతానయ్. ఉన్నయి ఎన్నో, లేనియి ఎన్నో సమజైతలేదు."

ఏలియా ఆయన ముఖంలోకి చూశాడు. రెప్పలు బరువుగా సగానికి వాలి ఉన్నాయి. నిద్ర వస్తున్నవాడి రెప్పలు కావు అవి. ల్యాబులో, అడవిలో, పాములు పట్టేవాళ్ల మధ్య ఆయన నాగుపాము విషానికి వాలే ఆ రెప్పల గురించి వందసార్లు విన్నాడు.

"రాత్రి మంచిగ నిద్ర లేదు ఆయనకు" అంది అనసూర్య. కైలాసం ముఖం చూసి కండె వదిలేసి లేచింది. "అయ్యో, సుగర్ పడిపోయినట్టున్నది. ఆగు, చక్కెర నీళ్లు తెస్త."

అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చింది. సుగర్ కాదు వదినె, పాము. నేనే తెచ్చిన. నీ కండ్ల ముందట, నీ ఇంట్లకు, నా భుజం మీద. ఆమె గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినపడుతోంది. ఏలియా నోరు తెరుచుకోలేదు.

కైలాసం చంకల కింద చేతులు వేసి, ఒక్క కుదుపు లేకుండా పైకి లాగాడు. కుడికాలు మడమ పక్కన ఉబ్బి ఉంది. ఉబ్బు నడుమ రెండు చుక్కలు, సూదితో పొడిచినట్టు. పొట్టు అంటుకుని ఉంటే ఏలియా అరచేత్తో తుడిచాడు. కైలాసానికి తుడిచినట్టు కూడా తెలియలేదు.

"దవాఖానకు పోవాలె వదినె. గిప్పుడే."

"సుగరుకేనా?"

"గిప్పుడే పోవాలె."

వీధి చివర కట్టయ్య ఆటో ఉంది. ఏలియా కైలాసాన్ని నడవనివ్వలేదు, పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఆటోలో ఆయన తల తన ఒడిలో పెట్టుకున్నాడు. అనసూర్య చక్కెర నీళ్ల గ్లాసు పట్టుకుని ఎక్కింది.

"మింగు, జర మింగు" అంటూ గ్లాసు పెదాలకు ఆనిస్తోంది. నీళ్లు పెదాల పక్కనుంచి కారిపోయాయి. కైలాసానికి గుటక పడటం లేదు.

"వద్దు వదినె, పోయకు. ఊపిరికి అడ్డం పడ్తది."

"నీకేమెరుక సుగర్ సంగతి?" అని ఆమె కసిరింది.

కట్టయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు. కైలాసం ఏదో అన్నాడు. నాలుక తిరగక మాట ముద్దగా వచ్చింది. రెండోసారి అంటే అర్థమైంది. "పోగు తెగింది... ముడెయ్యాలె." ఏలియా తల ఊపాడు. మట్టెవాడ నుంచి పెద్ద దవాఖాన దాకా పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ ఏలియా పాము మాట మాత్రం బయటపెట్టలేదు.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ చిన్న వయసుది. రెప్పలు ఎత్తి చూసింది, చేతులు పైకి ఎత్తమంది.

"ఏమైంది?"

"సుగర్ మేడం" అంది అనసూర్య. "పొద్దున గోలీ ఏసుకున్నడు, మంచిగ తినలే."

"సుగర్ చెక్ చేయండి. పక్షవాతం కూడా చూడాలి, స్కానింగుకు రాయండి" అంది డాక్టరమ్మ నర్సుతో. కైలాసాన్ని పడుకోబెట్టిన చక్రాల బండి కదిలింది. స్కానింగు గది ఎడమ వైపు. ఏలియా బండి ఇనుప కమ్మి పట్టుకున్నాడు. వదల్లేదు.

"పాము మేడం" అన్నాడు.

"ఏంటి?"

"నాగుపాము పిల్ల. కుడికాలు మడమకు. ఎప్పుడు కరిసిందో తెల్వది, ఆయనకు కాళ్లల్ల స్పర్శ లేదు. మగ్గం గుంటల పొట్టు పోసినం. పాము గుడ్లు పొదిగిన పొట్టు. అండ్ల ఒక గుడ్డు ఉండిపోయింది." ఆయన అనసూర్య వైపు తిరిగాడు. "నర్సరీది కాదు వదినె. నాదే."

అనసూర్య చేతిలో గ్లాసు ఇంకా ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టింది, పగులుతుందేమో అన్నంత జాగ్రత్తగా.

బండి కుడి వైపు తిరిగింది. విరుగుడు మందు ఎక్కిస్తుండగానే కైలాసం ఊపిరి ఆగింది. గొట్టం వేశారు. ఇంకొంచెం ముందు తెలిసుంటే ఈ గొట్టం అవసరం పడేది కాదేమో అని డాక్టరమ్మ ఎవరినీ నిందించకుండానే అంది. రెండు రోజులు మిషనే ఆయనకు ఊపిరి పోసింది.

ఆ రెండు రోజుల్లో సుదర్శన్ సారు, ఏలియా కలిసి గుంటలో పొట్టంతా డబ్బాతో తోడి, గుడ్డ మీద పరిచి, గింజ గింజా వెతికారు. మట్టి గడ్డ ముక్క దొరికింది. దానికి అతుక్కుని చీలిన పెంకు దొరికింది. పిల్ల దొరకలేదు. గుంట గోడలు పాతకాలపు రాళ్లవి. కనపడిన సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. బూజు అన్నిటికీ పాకి జెర్రిపోతు గుడ్లు పదకొండూ అప్పటికే పోయాయి. సారు థర్మాకోల్ పెట్టెలు, కొక్కెం, సీసాలు, ముందు పట్టిన పిల్లతో సహా, జీపులో వేయించుకున్నాడు.

"నేను నిన్ను తిట్టను ఏలియా" అన్నాడు. "తిడితె నీ మనసు జర అల్కగయితది."

పదకొండో రోజున కైలాసం ఇంటికొచ్చాడు. గొంతు బొంగురుపోయింది, కాలు పుండై కట్టు కట్టారు. మంచం మగ్గం గదిలోనే వేయించుకున్నాడు. సగం నేసిన జంపఖానా వైపు చూస్తూ పడుకునేవాడు. నాలుగు రోజులకు ఇక ఆగలేక, కూర్చుంటానన్నాడు.

"ఆ పిల్ల దొరికేదాంక నువ్వు ఆ గుంటల కాలు పెట్టేది లేదు" అంది అనసూర్య.

ఏలియా గడప బయటే నిలబడి ఉన్నాడు. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు, రావద్దని కూడా అనలేదు.

"గుంటంత సూసినం వదినె. ఎప్పుడో బయటికి పోయుంటది."

ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "పోయిందా? నర్సరీది అన్నవ్, నమ్మిన. గిప్పుడు పోయిందంటానవ్, నమ్మాల్నా? అయితె నువ్వు కూసో. ఉత్త కాళ్లతోని. ఈ జంపఖాన అయ్యేదాంక నువ్వు కూసో. ఏం కాకపోతె, అప్పుడు ఆయన్ను కూసోనిస్త."

"ఏందే ఆ మాట!" అని కైలాసం మంచం మీది నుంచి లేవబోయాడు.

"మంచి మాటే అన్నది" అన్నాడు ఏలియా. చెప్పులు విడిచి గుంట అంచున కూర్చున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కాళ్లు దించాడు.

సువార్తమ్మ సంగతి తెలిసి ఏడ్చింది, వద్దంది, ప్రార్థన చేసింది. ఆయన మాత్రం రోజూ పొద్దున తొమ్మిదికి వస్తాడు, ఎండ వాలేదాకా కూర్చుంటాడు. కైలాసం మంచం మీది నుంచి చెప్తుంటాడు. ఎడమది తొక్కు. ఇప్పుడు కుడిది. అరే, అట్ల కాదు, దున్నపోతు తొక్కినట్టు తొక్కకు. మొదటి రోజు బెత్తెడు కూడా కాలేదు. వారానికి మూరెడుకు పైగా వచ్చింది, గీతలు వంకర. అనసూర్య గది మూలన కండెలు చుడుతూ, ఆయన చేతుల్ని కాదు, గుంట అంచు దగ్గర ఆయన కాళ్లు చీకట్లోకి పోయే చోటును చూస్తుంటుంది. చెక్కకు కట్టిన తాడు పిక్కకు రాసుకున్నప్పుడల్లా ఏలియా వీపు బిగుసుకుంటుంది. చెమట కాలి మీదుగా జారినా ఆగి, గుండె సర్దుకుని, మళ్లీ తొక్కుతాడు. ఆయన కాళ్లకు అన్నీ తెలుస్తాయి మరి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బయట వాన పట్టుకుంది. ఆ ఏడు మొదటి పెద్ద వాన. గోడల్లోంచి చెమ్మ దిగుతోంది. జంపఖానా ఇంకా జానెడు ఉంది. ఏలియా ఎడమ చెక్క తొక్కి, కుడికాలు ఎత్తబోయి ఆగాడు.

మగ్గం చప్పుడు ఆగింది.

"ఏమాయె? మళ్ల పోగు తెగిందా?" అన్నాడు కైలాసం.

కుడి పాదం మీదుగా ఏదో చల్లగా, సన్నగా పాకుతోంది. తాడు కాదు. తాడు ఒకచోటే రాసుకుంటుంది. ఇది కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. వేళ్ల దగ్గర మొదలై మడమ వైపు. ఏలియా చేతులు పోగును దగ్గరికి కొట్టే అచ్చు కర్ర మీద అట్లాగే ఉండిపోయాయి. ఏం లేదన్నా అని అంటే అయిపోతుంది. అది తన దారిన తాను పోతుంది. జానెడు నేస్తే పని ముగుస్తుంది. రేపటి నుంచి ఎవరి ఇంట్లో వాళ్లు.

"వదినె" అన్నాడు, పెదాలు తప్ప ఏదీ కదలకుండా. "ఉన్నది. ఈడనే ఉన్నది. నా కాలు మీదున్నది."

కండె నేల మీద దొర్లింది. కైలాసం ఊపిరి బిగపట్టాడు. అనసూర్య లేచి, గోడకున్న టార్చి తీసుకుని, చెప్పులు విడిచి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గుంట దగ్గరికి వచ్చింది. పాము పేరు చెబితే నీళ్లు ముట్టని మనిషి గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుంది.

"కదలకు" అంది. "నేను సూస్తాన."

టార్చి వెలుతురు గుంటలోకి దిగింది.

ఇక్కడితో ఆపుతున్నాను, అందరికీ నమస్తే. విన్నవాళ్లు ఊరికే బాగుందని ఫోన్లో బొటనవేలు చూపించి వదిలేయకండి. మీకు తెలిసినవాళ్లలో పాములు పట్టేవాళ్లు ఉంటారు, గుడ్లు పొదిగించేవాళ్లు ఉంటారు, వాడేసిన పొట్టు చెట్లకనో, గుంటకనో అడిగి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. ఈ కథ వాళ్లకు పంపండి. వాళ్ల ఫోన్ నుంచి ఇంకొకరికి పంపమని చెప్పండి.